వెంటిలేటర్‌కు నెలలు చాలు, వైద్యుడికి పదకొండున్నరేళ్లు

ఊపిరితిత్తుల, క్రిటికల్ కేర్ నిపుణుల శిక్షణకు గమ్యం ఏమిటి?

న్యూఢిల్లీ: కరోనా తొలి విడత విజృంభిస్తున్న 2020 మే నెలలో 'పి.ఎం. కేర్స్' నిధి నుంచి 50 వేల వెంటిలేటర్ల కొనుగోలుకు రూ. 2,000 కోట్లు వెచ్చించాలని నిర్ణయం జరిగింది. దేశంలోనే తయారైన ఆ యంత్రాలు నెలల వ్యవధిలో రాష్ట్రాలకు తరలివెళ్లాయి. ఏడాది తిరిగేసరికి, రెండవ విడతలో ఢిల్లీ ఆసుపత్రుల ముందు అంబులెన్సులు బారులు తీరిన వేళ, కొన్ని రాష్ట్రాలలో ఆ వెంటిలేటర్లు వాడకానికి నోచుకోకుండా మూలన పడి ఉన్నాయన్న వార్తలు వెలువడ్డాయి. వాటి అమరిక, వినియోగంపై తక్షణం ఆడిట్ జరపాలని 2021 మే 15న ప్రధానమంత్రి ఆదేశించారు. అవసరమైన చోట సిబ్బందికి వాటి నిర్వహణలో మళ్లీ శిక్షణ ఇప్పించాలని కూడా అదే సమావేశంలో సూచించారు.

డబ్బు, ఉత్తర్వు ఉంటే యంత్రం వస్తుంది. దానిని రోగికి మేలు చేసే విధంగా నడపగల వైద్యుడు మాత్రం ఉత్తర్వుతో రాడు. ఎం.బి.బి.ఎస్.కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఎం.డి.కి మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ అయిన డి.ఎం.కు మరో మూడేళ్లు, వెరసి పదకొండున్నరేళ్లు పడుతుంది. ప్రవేశ పరీక్షల కోసం మధ్యలో గడిచిపోయే కాలం ఈ లెక్కలో చేరలేదు. వెంటిలేటర్ల కొనుగోలు నిర్ణయం జరిగిన ఏడాది ఎం.బి.బి.ఎస్.లో చేరిన విద్యార్థి ఎక్కడా ఆగకుండా చదివినా ఊపిరితిత్తుల, క్రిటికల్ కేర్ నిపుణుడిగా బయటికి వచ్చేది 2032 ప్రాంతంలోనే.

ఇంత సుదీర్ఘ శిక్షణ ముగిసేనాటికి ఆ వైద్యుడికి ఏమి తెలిసి ఉండాలి, అతడు స్వయంగా ఏమి చేయగలగాలి అన్నది కేవలం వైద్య కళాశాలలకు సంబంధించిన విషయం కాదు. ఐ.సి.యు. మంచంపై ఉన్న రోగికి, బయట వరండాలో బిల్లు చేతపట్టుకుని నిలుచున్న కుటుంబానికి కూడా సంబంధించిన విషయం. గాలి కాలుష్యం, క్షయ, మందులకు లొంగని సూక్ష్మజీవులు, కార్పొరేట్ ఐ.సి.యు.లు ఒకేచోట కనిపించే దేశ రాజధాని ప్రాంతంలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతున్నది.

క్షయ వార్డు నుంచి ఐ.సి.యు. దాకా

మన దేశంలో ఊపిరితిత్తుల వైద్యం క్షయ వార్డులోనే పుట్టింది. తెలుగునాట మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం 1915లోనే వెలసింది. భారత క్షయ నివారణ సంఘం 1939లో ఢిల్లీ కేంద్రంగా ఏర్పడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఛాతీ వ్యాధుల ప్రత్యేక సంస్థకు 1949లో సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ శంకుస్థాపన చేయగా, 1953 జనవరిలో అప్పటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ప్రారంభించారు. పటేల్ పేరు పెట్టుకున్న ఆ సంస్థకు వ్యవస్థాపక డైరెక్టరైన ఆచార్య ఆర్. విశ్వనాథన్‌ను భారత ఛాతీ వైద్యానికి ఆద్యుడిగా పరిగణిస్తారు. సంస్థకు చెందిన ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. దక్షిణాన మెహ్రౌలీలో 1952లో మొదలైన లాలా రామ్ స్వరూప్ క్షయ ఆసుపత్రి నేడు జాతీయ క్షయ, శ్వాసకోశ వ్యాధుల సంస్థగా రూపొందింది.

ఆనాటి శిక్షణ లక్ష్యం స్పష్టంగా ఉండేది. ఎక్స్‌రేలో మచ్చను గుర్తించడం, కఫంలో క్రిమిని చూడటం, నెలల తరబడి మందులు మింగించడం వైద్యుడి ప్రధాన విధులు. డిప్లొమా, డిగ్రీ పేర్లలో సైతం 'క్షయ, ఛాతీ వ్యాధులు' అనే మాటలే ఉండేవి.

ఇదే కాలంలో సముద్రాల ఆవల మరో వైద్యశాఖ పురుడు పోసుకుంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో మహమ్మారి వ్యాపించి, శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు వరుసగా మరణించసాగారు. మత్తువైద్య నిపుణుడు బ్యోర్న్ ఇబ్సెన్ శస్త్రచికిత్స గదిలో వాడే పద్ధతిని వార్డుకు తెచ్చారు. గొంతు వద్ద రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించే పని అది. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచంలో తొలి ఐ.సి.యు.గా పేర్కొనే విభాగం అక్కడ ఆరంభమైంది. విద్యార్థుల చేతుల స్థానాన్ని తరువాత యంత్రం ఆక్రమించింది.

ఈ రెండు పాయలు క్రమంగా కలిశాయి. శ్వాస ఆడని రోగే ఐ.సి.యు.కు ప్రధాన రోగి కావడంతో అమెరికాలో ఊపిరితిత్తుల వైద్యం, క్రిటికల్ కేర్ కలిపి మూడేళ్ల ఉమ్మడి శిక్షణగా స్థిరపడ్డాయి. మన దేశంలో 1980వ దశకం చివరలో చండీగఢ్ పి.జి.ఐ. ఊపిరితిత్తుల వైద్యంలో డి.ఎం. కోర్సుకు బాట వేసింది. అక్కడ ఆ పట్టా పొందిన డాక్టర్ రణదీప్ గులేరియా తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 'ఎయిమ్స్'లో ఈ విభాగాన్ని తీర్చిదిద్ది, 2017 నుంచి 2022 వరకు ఆ సంస్థకు డైరెక్టర్‌గా వ్యవహరించారు. ఎయిమ్స్‌లో నేడు ఆ విభాగం పేరు శ్వాసకోశ, క్రిటికల్ కేర్, నిద్ర వైద్య విభాగం. ఒక్క పేరులో మూడు శాస్త్రాలు ఇమిడి ఉండటాన్ని బట్టి శిక్షణ పరిధి ఎంతగా విస్తరించిందో గ్రహించవచ్చు.

ఎన్ని చేశారన్నది కాదు, ఎలా చేశారన్నదే ముఖ్యం

లోగడ శిక్షణను ఏళ్లతోనూ, అంకెలతోనూ కొలిచేవారు. ఉదాహరణకు శ్వాసనాళాలలోకి సన్నని గొట్టం పంపి పరిశీలించే బ్రాంకోస్కోపీలో నైపుణ్యం రావాలంటే కనీసం 100 సార్లు చేసి ఉండాలని అమెరికన్ ఛాతీ వైద్యుల కళాశాల 2003లో సిఫార్సు చేసింది. ఈ లెక్కకు ఒక సౌలభ్యం ఉన్నది. రికార్డు పుస్తకంలో సంతకాలు లెక్కపెడితే చాలు. అయితే ఒకరికి 60వ సారికే చేయి కుదరవచ్చు. మరొకరికి 150 చేసినా కుదరకపోవచ్చు.

అందువల్లనే 'సామర్థ్యం ఆధారిత శిక్షణ' అనే విధానం ముందుకు వచ్చింది. ఐరోపా దేశాల నిపుణులు ఉమ్మడిగా 2006లో వెలువరించిన 'కోబాట్రైస్' పత్రం ఐ.సి.యు. వైద్యుడికి ఉండవలసిన సామర్థ్యాలను 102గా గుర్తించింది. వాటిలో గొట్టాలు వేయడం, యంత్రాలు నడపడంతో పాటు బంధువులతో మాట్లాడటం, రోగిని మరొక చోటికి క్షేమంగా తరలించడం, బృందాన్ని నడిపించడం కూడా ఉండటం గమనార్హం. మన దేశంలో భారత వైద్య మండలి తన చివరి రోజులలో పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులకు ఇదే తరహా పాఠ్యప్రణాళికలు రూపొందించింది. 2020 సెప్టెంబరులో మండలి స్థానంలోకి వచ్చిన జాతీయ వైద్య కమిషన్ వాటిని కొనసాగించింది.

ఈ విధానంలో శిక్షణార్థి లక్ష్యాలు మూడు తరగతులుగా ఉంటాయి. మొదటిది జ్ఞానం: ఆస్తమా, సి.ఓ.పి.డి., క్షయ, న్యుమోనియా, ఊపిరితిత్తుల కేన్సర్, నిద్రలో శ్వాస ఆగే జబ్బు మొదలైన వాటి మూలాలు తెలియడం. రెండవది నైపుణ్యం: ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ ఫలితాన్ని చదవడం, ఛాతీలో చేరిన నీటిని, గాలిని బయటికి తీయడం, శ్వాసనాళంలో గొట్టం అమర్చడం, ధమని రక్తంలోని వాయువులను విశ్లేషించడం, మాస్కు ద్వారా గాలి ఇచ్చే పద్ధతి ఎప్పుడు చాలుతుందో, ఎప్పుడు చాలదో నిర్ణయించడం. మూడవది వైఖరి: రోగి పట్ల, తోటి సిబ్బంది పట్ల నడవడిక. మొదటిదానిని ప్రశ్నపత్రం కొలుస్తుంది. మిగిలిన రెండింటిని కొలవాలంటే అనుభవజ్ఞుడైన గురువు మంచం పక్కన నిలబడి చూడవలసిందే.

273 మిల్లీలీటర్ల పాఠం

శిక్షణ ప్రాణాలను ఎలా కాపాడుతుందో చెప్పడానికి 2000 సంవత్సరంలో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చాలు. తీవ్రమైన న్యుమోనియా, రక్తం విషమించడం వంటి కారణాల వల్ల ఊపిరితిత్తులలోని వాయుకోశాలు ద్రవంతో నిండిపోయే స్థితిని ఏ.ఆర్.డి.ఎస్. అంటారు. అటువంటి 861 మంది రోగులను రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి వెంటిలేటర్ ద్వారా ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండవ బృందానికి 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇవ్వడంతో చికిత్స మొదలుపెట్టారు. మొదటి బృందంలో 39.8 శాతం మంది మరణించగా, రెండవ బృందంలో మరణాలు 31 శాతానికి పరిమితమయ్యాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మారినది యంత్రంపై పెట్టిన అంకె మాత్రమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ 'కిలో బరువు' రోగిని తూస్తే వచ్చే బరువు కాదు. ఎత్తును బట్టి లెక్కగట్టే బరువు. అయిదడుగుల మహిళకు ఆ లెక్క ప్రకారం వచ్చేది 45.5 కిలోలు. ఆమెకు ఇవ్వవలసిన గాలి శ్వాసకు సుమారు 273 మిల్లీలీటర్లు. ఆమె 75 కిలోలు తూగుతున్నదని ఆ బరువు మీద లెక్కవేస్తే 450 మిల్లీలీటర్లు వస్తుంది. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. అదనపు గాలి అప్పటికే దెబ్బతిన్న వాయుకోశాలను సాగదీసి మరింత గాయపరుస్తుంది. ఈ తప్పు జరిగినప్పుడు యంత్రం అలారం మోగించకపోవచ్చు. తెరపై ఆక్సిజన్ అంకె చక్కగానే కనిపించవచ్చు. హాని జరిగిన సంగతి రోజులు గడిచాక గాని బయటపడదు.

రోగిని బోర్లా పడుకోబెట్టే చికిత్స సైతం ఇటువంటిదే. 2013లో ఫ్రాన్స్ నిపుణుల సారథ్యంలో 466 మంది తీవ్ర రోగులపై జరిగిన పరిశోధనలో, రోజులో ఎక్కువ గంటలు బోర్లా ఉంచిన వారిలో 28 రోజుల మరణాల రేటు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. దీనికి కావలసినది పరుపు, నలుగురైదుగురు మనుషులు, తిప్పేటప్పుడు గొట్టం ఊడిపోకుండా చూసుకునే సాధన. కరోనా కాలంలో ఢిల్లీ ఐ.సి.యు.లలో ఇది నిత్యకృత్యమైంది. యంత్రం ఖరీదు కట్టగల బడ్జెట్లు ఈ సాధన ఖరీదును లెక్కించడం లేదన్నదే అసలు సమస్య.

పాఠ్యగ్రంథంలో లేని కూలర్

విదేశీ పాఠ్యగ్రంథాలలోని రోగి, ఢిల్లీ ఓ.పి.లో కూర్చున్న రోగి ఒక్కరు కారు. భారత్‌లో 2016 నాటికి సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి సుమారు 5.5 కోట్ల మందికి, ఆస్తమా సుమారు 3.8 కోట్ల మందికి ఉన్నట్లు జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ప్రపంచ జనాభాలో 18 శాతం ఉన్న మన దేశం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం మోస్తున్నది. 2019లో దేశంలో సంభవించిన 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని మరో అంచనా. అదే ఏడాది నవంబరు 1న ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ప్రజారోగ్య అత్యవసర స్థితిని ప్రకటించి, పాఠశాలలను కొన్ని రోజులపాటు మూసివేయవలసి వచ్చింది. సి.ఓ.పి.డి. అనగానే పొగతాగే అలవాటును మాత్రమే అడిగే వైద్యుడు ఇక్కడ సగం కథనే వింటాడు. కట్టెల పొయ్యి గురించి, ఇంటి పక్కనున్న రహదారి గురించి, నవంబరులో ఎన్నిసార్లు ఆసుపత్రికి రావలసి వచ్చిందన్న దాని గురించి కూడా అడగాలి.

వృత్తి గురించి అడగడం మరీ ముఖ్యం. ఢిల్లీ దక్షిణ అంచున లాల్ కువాఁ ప్రాంతంలో ఒకప్పుడు రాళ్లు పిండిచేసే క్రషర్లు వందల సంఖ్యలో నడిచేవి. సుప్రీంకోర్టు 1992లో ఇచ్చిన తీర్పుతో అవి హర్యానాకు తరలిపోయాయి. రాతి ధూళి మాత్రం కార్మికుల ఊపిరితిత్తులలోనే మిగిలిపోయింది. ఆ ధూళి వల్ల కలిగే సిలికోసిస్ ఎక్స్‌రేలో క్షయను తలపిస్తుంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. 'ఏమి పని చేసేవాడివి?' అన్న ఒక్క ప్రశ్న వేయకపోతే ఆ కార్మికుడు ఏళ్ల తరబడి క్షయ మందులు మాత్రమే మింగవలసి వస్తుంది. అతడికి రావలసిన నష్టపరిహారం సైతం చేజారుతుంది.

2017లో ప్రచురితమైన మరో భారతీయ అధ్యయనం ఇంకా ఆసక్తికరమైన అంశాన్ని వెల్లడించింది. ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే జబ్బులతో 19 నగరాలలోని 27 కేంద్రాలకు వచ్చిన 1,084 మందిని పరిశీలించగా, దాదాపు సగం మందిలో అది పీల్చే గాలిలోని బూజు వంటి పదార్థాలు పడకపోవడం వల్ల వచ్చిన జబ్బు అని తేలింది. వారిలో సుమారు సగం మంది ఇళ్లలో నీటితో నడిచే ఎయిర్ కూలర్లు వాడుతున్నారు. కూలర్ తడి మెత్తలలో పెరిగే బూజుపై అనుమానం వ్యక్తమైంది. ఉత్తర భారతంలోనే కాక తెలుగు జిల్లాలలోనూ వేసవి వచ్చిందంటే చాలా ఇళ్లలో కూలర్లు వాడతారు. ఈ సంగతి పాశ్చాత్య పాఠ్యగ్రంథంలో దొరకదు. స్థానిక జబ్బును స్థానికంగానే పరిశోధించే అలవాటును కూడా శిక్షణ లక్ష్యాలలో చేర్చడానికి కారణం ఇదే.

మందులకు లొంగని క్రిములు మరో పాఠం. అనేక రకాల యాంటీబయాటిక్స్‌ను నిర్వీర్యం చేసే ఒక ఎంజైముకు శాస్త్రజ్ఞులు న్యూఢిల్లీ పేరు కలిసి వచ్చేటట్లు 'ఎన్.డి.ఎం.-1' అని పేరు పెట్టారు. 2010లో ఆ పేరుపై దేశంలో పెద్ద దుమారమే రేగింది. పేరు సంగతి ఎలా ఉన్నా, ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలో తెలియడంతో పాటు ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా ఐ.సి.యు. వైద్యుడికి తప్పనిసరి అని ఆ ఉదంతం గుర్తుచేసింది. క్షయ విషయానికి వస్తే ప్రపంచంలోని రోగులలో నాలుగో వంతుకు పైగా నేటికీ మన దేశంలోనే ఉన్నారు. మొండి క్షయకు ఆరు నెలల్లో ముగిసే కొత్త మందుల మేళవింపును కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదించింది. కాబట్టి వెంటిలేటర్ నేర్చిన కొత్త తరం నిపుణుడు, పాత తరం క్షయ విద్యను మరిచిపోవడానికి వీలులేదు.

ఎప్పుడు ఆపాలో తెలియడం

ఐ.సి.యు. వైద్యుడి శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఏ యంత్రానికీ సంబంధించినది కాదు. ఎవరిని ఐ.సి.యు.లో చేర్చుకోవాలి, ఎవరికి దానివల్ల ప్రయోజనం లేదు, ఏ దశలో చికిత్స బాధను పొడిగించడమే అవుతుంది అన్నది ఆ పాఠం. గౌరవంగా మరణించే హక్కును గుర్తిస్తూ, ముందస్తు వైద్య నిర్దేశాలను అనుమతిస్తూ సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. ఆచరణలో ఆ పద్ధతి క్లిష్టంగా ఉన్నదని తేలడంతో 2023 జనవరిలో దానిని సరళీకరించింది. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ 24 మంది నిపుణులతో రూపొందించిన ఐ.సి.యు. మార్గదర్శకాలను వెలువరించింది. రోగి లేదా బంధువులు నిరాకరించినప్పుడు ఐ.సి.యు.లో చేర్చుకోరాదని అందులో స్పష్టం చేశారు.

చట్టం దారి చూపింది. ఆ దారిలో కుటుంబాన్ని నడిపించవలసిన బాధ్యత వైద్యుడిపై పడింది. దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్లు ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. తగ్గినప్పటికీ ఐ.సి.యు.లో గడిచే ప్రతి రోజూ మధ్యతరగతి కుటుంబానికి అప్పు పత్రమే. గురుగ్రామ్, నోయిడా, ఫరీదాబాద్‌లలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకు పొరుగు రాష్ట్రాల నుంచి పొలం తాకట్టు పెట్టి వచ్చేవారు సైతం ఉంటారు. 'ఇంకా ఆశ ఉన్నదా డాక్టరుగారూ?' అని వారు అడిగినప్పుడు తప్పించుకోకుండా, భయపెట్టకుండా, నిజం చెప్పగలగడం నేర్చుకోవలసిన విద్యే. ఇదేదో స్వతహాగా అబ్బే గుణమని చాలాకాలం భావించారు. గొట్టం వేయడం నేర్పినట్లే దీనిని కూడా పెద్దల సమక్షంలో సాధన చేయించాలన్నది నేటి దృక్పథం.

నేర్పేవారెవరు, నేర్చుకునే తీరిక ఎక్కడ?

లక్ష్యాలు కాగితంపై ఎంత సమగ్రంగా ఉన్నా, వాటిని నెరవేర్చవలసినది జూనియర్ డాక్టర్లు పనిచేసే వార్డులలోనే. రెసిడెంట్ డాక్టర్ల పని సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించరాదని కేంద్రం 1992 జూన్‌లోనే నిర్దేశించింది. మూడు దశాబ్దాల తరువాత, వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో వారానికి 74 గంటల గరిష్ఠ పరిమితిని సిఫార్సు చేసింది. కొత్త సిఫార్సు పాత నిబంధన కంటే 26 గంటలు ఎక్కువగా ఉండటాన్ని బట్టి వాస్తవ పరిస్థితిని ఊహించుకోవచ్చు. నిద్రలేని కళ్లతో లెక్కగట్టే వెంటిలేటర్ అంకెపై ఎంత నమ్మకం ఉంచగలమన్నది ఆలోచించవలసిన విషయం.

2021లో పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశాల కౌన్సెలింగ్ రిజర్వేషన్ వివాదంతో నిలిచిపోవడంతో కొత్త బ్యాచ్ నెలల తరబడి వార్డులకు రాలేదు. ఉన్నవారిపైనే మొత్తం భారం పడింది. ఆ ఏడాది చివరలో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు వీధులకెక్కారు. 2022 జనవరి 7న సుప్రీంకోర్టు అనుమతించాకే కౌన్సెలింగ్‌కు మార్గం సుగమమైంది. శిక్షణ పొందుతున్నవాడే ఆసుపత్రికి ప్రధాన శ్రామికుడు కావడం వల్ల, ప్రవేశాలు ఆగితే చదువుతో పాటు చికిత్స కూడా ఆగుతుందని ఆ ఉదంతం రుజువు చేసింది.

ఐ.సి.యు. ఎవరి అధీనంలో ఉండాలన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. మత్తువైద్యులు, జనరల్ మెడిసిన్ వైద్యులు, ఛాతీ వైద్యులు ముగ్గురూ అక్కడ పనిచేస్తున్నారు. 1993లో ఏర్పడిన భారత క్రిటికల్ కేర్ వైద్య సంఘం వీరందరికీ ఉమ్మడి వేదికగా నిలిచి, సొంత డిప్లొమా, ఫెలోషిప్ శిక్షణలు నిర్వహిస్తున్నది. క్రిటికల్ కేర్‌లో విడిగా డి.ఎం. కూడా వచ్చింది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే జాతీయ పరీక్షల బోర్డు ప్రైవేటు ఆసుపత్రులలో సైతం సమాన స్థాయి పట్టాకు అవకాశం కల్పించింది. దారులు ఎన్ని ఉన్నా గమ్యం వద్ద పరీక్ష ఒకే ప్రమాణంతో ఉండాలి. రోగికి తన వైద్యుడు ఏ దారిన వచ్చాడన్నది అనవసరం.

ఇంతకంటే విచిత్రమైన పరిణామం 2020లో జరిగింది. కరోనా ఊపిరితిత్తులను కబళిస్తున్న అదే ఏడాది వెలువడిన ఎం.బి.బి.ఎస్. కళాశాలల కనీస ప్రమాణాలలో, తప్పనిసరి విభాగాల జాబితాలో శ్వాసకోశ వైద్యానికి చోటు దక్కలేదు. ఛాతీ వైద్యుల సంఘాలు దీనికి తీవ్ర అభ్యంతరం తెలిపాయి. కళాశాలలో విభాగమే లేకపోతే ఎం.బి.బి.ఎస్. విద్యార్థికి స్పైరోమెట్రీ చూపించేవారు ఉండరు. ఆ శాఖపై ఆసక్తి కలిగి రేపు డి.ఎం. దాకా వచ్చేవారూ తగ్గుతారు. 2011లో దేశవ్యాప్తంగా ఒకే రోజున జరిపిన సర్వేలో సాధారణ వైద్యుల వద్దకు వచ్చిన రెండు లక్షల మందికి పైగా రోగులలో సగానికి పైగా దగ్గు, ఆయాసం వంటి శ్వాస సంబంధమైన లక్షణాలే చెప్పుకున్నారన్న విషయాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

కాగా, ఆశాజనకమైన మార్పులు లేకపోలేదు. ఎం.డి. విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రులలో పనిచేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. సి.టి. స్కాన్ అందుబాటులో లేని చోట ఆయాసపడే రోగిని చెవితో, చేతితో, సాధారణ ఎక్స్‌రేతో అంచనా వేయడం వారు అక్కడే నేర్చుకుంటారు. 2021లో పార్లమెంటు ఆమోదించిన చట్టం శ్వాస చికిత్స సాంకేతిక నిపుణులను ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. రాత్రంతా వెంటిలేటర్ వద్ద ఉండే నర్సు, టెక్నీషియన్ సమర్థులు కానప్పుడు నిపుణుడు ఒక్కడే చేయగలిగింది స్వల్పం. వారికి నేర్పగలగడం కూడా అతడి శిక్షణ లక్ష్యాలలో ఒకటిగా ఉండాలి.

బడ్జెట్‌లో కనిపించని పద్దు

కొత్త మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఢిల్లీలో నవంబరు పొగమంచు మాత్రం ఏటా వస్తూనే ఉన్నది. పల్లెలలో పురుగుమందు తాగిన రైతు, డెంగ్యూతో ఆయాసపడే పిల్లవాడు, క్షయ తగ్గినా ఊపిరి అందని కూలీ ఏటా ఆసుపత్రి మెట్లెక్కుతూనే ఉన్నారు. ప్రభుత్వాలు పడకలను, యంత్రాలను, సీట్లను ప్రకటిస్తాయి. అవి లెక్కకు వస్తాయి గనుక వార్తలకు ఎక్కుతాయి. మంచం పక్కన నిలబడి నేర్పే గురువు సమయం, నేర్చుకునేవాడి నిద్ర, తప్పును నిర్భయంగా చెప్పుకునే వాతావరణం ఏ పద్దులోనూ కనిపించవు.

అయిదడుగుల మహిళకు 273 మిల్లీలీటర్లు చాలునని తెలిసిన వైద్యుడు అర్ధరాత్రి రెండు గంటల వేళ జిల్లా కేంద్రంలోని ఐ.సి.యు.లో కూడా ఉండాలి. శిక్షణ లక్ష్యాల పత్రంలోని పేజీలన్నీ చివరకు చేరవలసిన గమ్యం అదే. ఆ వైద్యుడు 2032లో కావాలంటే అతడికి నేర్పే పనికి నిధులు, నియామకాలు, వేళలు నేటి నుంచే సమకూర్చవలసి ఉన్నది.